రెండు వాక్యాలకు ఒక్క ముడి



ఈ వేళ నేను పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్ళతో మాట్లాడదామని వచ్చాను. హైదరాబాదు అశోక్‌నగర్‌లో ఇరుకు గదిలో నలుగురు కలిసి ఉంటున్నవాళ్ళు, నంద్యాలలో బ్యాంకు కోచింగులో చేరినవాళ్ళు, డీఎస్సీ కోసం అవనిగడ్డ వెళ్ళినవాళ్ళు, ఇంటి దగ్గరే పొలం పనో కొట్టు పనో చూసుకుంటూ రాత్రి అందరూ పడుకున్నాక పుస్తకం తీసేవాళ్ళు, మీరందరూ. మీలో చాలామందికి లెక్కలంటే ధైర్యం. రీజనింగ్ అంటే హుషారు. ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గిపోతుంది. ముఖ్యంగా తెలుగు మీడియంలో చదివినవాళ్ళకు.

ఇంగ్లీషు వ్యాకరణం అంతా ఒక్క ప్రసంగంలో చెప్పలేం. అందుకని ఒక చిన్న భాగం తీసుకున్నాను. కంజంక్షన్స్. తెలుగులో సముచ్చయాలు అంటాం. మాటను మాటతో, వాక్యాన్ని వాక్యంతో కలిపే చిన్న పదాలు. అండ్, బట్, ఆర్, బికాజ్, ఆల్దో, అన్‌లెస్, అన్‌టిల్, ఇలాంటివి. దగ్గర్లో కాగితం, పెన్ను ఉంటే తీసుకోండి. ఇంగ్లీషు వాక్యాలు నెమ్మదిగా చెబుతాను.

ముందు నా చిన్ననాటి సంగతి ఒకటి. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. పల్లెటూరి బడి. ఇంగ్లీషు పరీక్షలో వానాకాలం గురించి పది వాక్యాలు రాయమన్నారు. అందులో ఒకటి ఇలా రాశాను. "ఆల్దో ఇట్ వాజ్ రెయినింగ్, బట్ మై ఫాదర్ వెంట్ టు ది ఫీల్డ్." వాన పడుతున్నా మా నాన్న పొలానికి వెళ్ళాడు అని నా ఉద్దేశం. మాస్టారు బట్ అన్న మాట కింద ఎర్రగీత గీసి, నన్ను బల్ల దగ్గరికి పిలిచారు. "మీ ఇంట్లో దూడను కట్టెయ్యడానికి ఎన్ని పలుపులు వాడతార్రా?" అని అడిగారు. ఒకటేనండీ అన్నాను. "మరి ఈ వాక్యానికి రెండెందుకు కట్టావు?" అన్నారు. ఆల్దో ఒక పలుపు. బట్ ఇంకో పలుపు. ఏదో ఒకటి చాలు.

ఆ రోజు నుంచి ఆ తప్పు మళ్ళీ చేయలేదు. కానీ ఎందుకు చేశానో అప్పుడు నాకు తెలియలేదు. తర్వాత నేనే ఇంగ్లీషు చెప్పడం మొదలుపెట్టాను. ఏటా కొత్త పిల్లలు, కొత్త ఊళ్ళ నుంచి. తప్పు మాత్రం అదే. ఒకరినొకరు ఎన్నడూ చూడని పిల్లలు, వేర్వేరు జిల్లాల పిల్లలు, సరిగ్గా అదే చోట అదే బట్ రాస్తుంటే, దాన్ని అశ్రద్ధ అనలేం కదా. దాని వెనక ఒక కారణం ఉండి తీరాలి. ఆ కారణం మన భాషలోనే ఉంది.

తెలుగు రెండు వాక్యాలను ఎలా కలుపుతుందో ఒక్కసారి గమనించండి. వాన పడినా, వాన పడితే, వాన పడగానే, వాన పడేదాకా, వాన పడుతుండగా, వాన పడినట్టు. ఎన్ని రకాల కలయికలో చూడండి. వీటిలో ఎక్కడా విడిగా ఒక పదం లేదు. కలిపే పని అంతా క్రియ తోకకు అతికిన చిన్న ముక్క చేస్తోంది. నా, తే, గానే, దాకా, ఉండగా, నట్టు. అంటే తెలుగులో ముడి మొదటి వాక్యం చివర పడుతుంది. ఇంగ్లీషులో ఆ ముడి వాక్యం తలలో పడుతుంది. ఆల్దో ఇట్ రెయిన్డ్. ఇఫ్ ఇట్ రెయిన్స్. అన్‌టిల్ ఇట్ రెయిన్స్. ముందే కట్టేస్తారు.

ఇప్పుడు మన పిల్లవాడు ఇంగ్లీషు వాక్యం మొదలుపెట్టాడు. ఆల్దో అన్నాడు. అక్కడికి ముడి పడిపోయింది. కానీ మొదటి వాక్యం ముగిసి రెండో వాక్యం మొదలయ్యే చోటికి వచ్చేసరికి, వాడి చెవిలో తెలుగు మోగుతుంది. వాన పడుతున్నా అని ఇక్కడే కదా 'నా' పలకాలి! ఇక్కడ ఏమీ లేకపోతే వాక్యం విడిపోయినట్టు అనిపిస్తుంది. దాంతో అక్కడ ఒక బట్ వేస్తాడు. బికాజ్‌తోనూ అంతే. "వాన పడింది కాబట్టి బడికి సెలవిచ్చారు" అంటాం. కాబట్టి ఎక్కడుంది? సరిగ్గా రెండు వాక్యాల మధ్య అతుకు దగ్గర. అందుకే "బికాజ్ ఇట్ వాజ్ రెయినింగ్, సో ది స్కూల్ వాజ్ క్లోజ్డ్" అని రాస్తాడు. బికాజ్ బదులు సిన్స్ వేసినా, యాజ్ వేసినా, మధ్యలో ఆ సో వచ్చి కూర్చుంటుంది. బికాజ్ ఉంచితే సో తీసెయ్యాలి. సో ఉంచితే బికాజ్ తీసెయ్యాలి. రెండు వాక్యాలకు ఒక్క ముడి.

ఒక చిన్న మినహాయింపు చెప్పాలి. దో, ఆల్దోల తర్వాత యెట్ రావచ్చు. దాన్ని తప్పుగా లెక్కపెట్టరు. "దో హి ఈజ్ పూర్, యెట్ హి ఈజ్ ఆనెస్ట్" అన్న తరహా వాక్యాలు మీ పుస్తకాల్లో కనిపిస్తాయి. కంగారు పడకండి. బట్ కనిపిస్తే మాత్రం అక్కడే తప్పు ఉందని గుర్తుపెట్టుకోండి.

ఇక అన్‌లెస్, అన్‌టిల్, లెస్ట్. నేను చూసినంతలో మనవాళ్ళు ఎక్కువ మార్కులు పోగొట్టుకునేది ఈ మూడింటి దగ్గరే. కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా నడుద్దాం.

కష్టపడకపోతే పాసవ్వవు. ఈ తెలుగు వాక్యంలో "లేదు" అన్న భావం ఎక్కడుంది? కష్టపడక అన్న క్రియలోనే ఉంది. దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చేటప్పుడు ఆ "లేదు"ను క్రియ దగ్గరే పెట్టాలనిపిస్తుంది. "అన్‌లెస్ యు డు నాట్ వర్క్ హార్డ్, యు విల్ నాట్ పాస్." తప్పు. ఎందుకంటే అన్‌లెస్ కడుపులోనే ఆ "లేదు" ఉంది. ఇఫ్, నాట్ రెండూ కలిస్తే అన్‌లెస్. మళ్ళీ డు నాట్ అంటే రెండు "లేదు"లై అర్థం తలకిందులవుతుంది. "అన్‌లెస్ యు వర్క్ హార్డ్, యు విల్ నాట్ పాస్." ఇది సరైనది. అన్‌లెస్ అన్న మాటను నిదానంగా పలికి చూడండి. అందులో లెస్ అని వినిపిస్తుంది. తక్కువ అనే అర్థం ఉన్న లెస్సే అది. లెస్ట్ అన్న మాటలోనూ పుట్టుకలో ఉన్నది అదే లెస్. రెండూ ఒకే ఇంటి మాటలు. రెండింటి తర్వాతా నాట్ అక్కర్లేదు.

లెస్ట్ అంటే ఏమిటి? "జారి పడతావేమో, జాగ్రత్తగా నడు" అని అమ్మ అంటుంది చూడండి. ఆ పడతావేమో అన్న భయమే లెస్ట్. "వాక్ కేర్‌ఫుల్లీ లెస్ట్ యు షుడ్ ఫాల్." మనకు ఇదే భావానికి "పడిపోకుండా నడు" అని ఇంకో మాట కూడా ఉంది. ఆ "కుండా" మనసులో ఉంటే "లెస్ట్ యు షుడ్ నాట్ ఫాల్" అని రాసేస్తాం. అందుకని లెస్ట్ కనిపించగానే "కుండా"ను పక్కన పెట్టి "ఏమో"ను తలుచుకోండి. దాని తర్వాత షుడ్ వస్తుంది. లేదా ఏమీ లేకుండా క్రియ మూలరూపం, అంటే "లెస్ట్ యు ఫాల్", "లెస్ట్ హి ఫాల్". విల్, మే, కెన్ ఉంటే పరీక్షలో దాన్ని తప్పు కింద గుర్తించండి.

అన్‌టిల్ సంగతి కొంచెం వేరు. "నేను రానంతవరకు తలుపు తీయకు" అంటాం. "నేను వచ్చేదాకా తలుపు తీయకు" అని కూడా అంటాం. తెలుగులో రెండూ సరైనవే, రెండింటి అర్థం ఒకటే. ఇంగ్లీషులో అన్‌టిల్‌కు సరిపోయేది రెండోది. వచ్చేదాకా. "డోంట్ ఓపెన్ ది డోర్ అన్‌టిల్ ఐ కమ్." మొదటి దాన్ని పట్టుకుంటే "అన్‌టిల్ ఐ డోంట్ కమ్" అని తప్పు వస్తుంది. దాకా అన్నది ఒక గీత లాంటిది. అక్కడికి చేరితే ఆగిపోతాం. అది అన్‌టిల్. "చెరువులో నీళ్ళున్నంతవరకు" అన్నప్పుడు ఉన్న "అంతవరకు" ఒక నిడివి. దానికి ఇంగ్లీషులో యాజ్ లాంగ్ యాజ్. ఈ తేడా ఒక్కసారి పట్టుబడితే, మరి అన్‌టిల్ దగ్గర తడబాటు ఉండదు.

ఇంతవరకు విన్నవాళ్ళు, తెలుగు వల్లే ఇంగ్లీషు పాడవుతోంది అనుకోకండి. అలా అనుకుని తెలుగును తరిమేసి ఇంగ్లీషులోనే ఆలోచించాలని చెప్పేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. మీకు బాగా వచ్చిన భాష మీ బలం. ఇంగ్లీషు వ్యాకరణంలో కొన్ని కష్టమైన చోట్ల తెలుగే మీకు దారి చూపిస్తుంది. మూడు చోట్లు చెబుతాను.

మొదటిది నో సూనర్. "నేను స్టేషన్‌కి చేరానో లేదో, రైలు కదిలింది." ఎంత అందమైన వాక్యం అది. చేరానో లేదో! దీన్ని ఇంగ్లీషులో రెండు విధాలుగా చెప్పొచ్చు. "నో సూనర్ హ్యాడ్ ఐ రీచ్డ్ ది స్టేషన్ దాన్ ది ట్రెయిన్ లెఫ్ట్." లేదా, "హార్డ్‌లీ హ్యాడ్ ఐ రీచ్డ్ ది స్టేషన్ వెన్ ది ట్రెయిన్ లెఫ్ట్." నో సూనర్‌కు దాన్, హార్డ్‌లీకి వెన్ అని కోచింగులో బట్టీ పట్టిస్తారు. పరీక్ష హాల్లో రెండూ కలగాపులగం అవుతాయి. బట్టీ అక్కర్లేదు. సూనర్ అంటే "అంతకంటే ముందు" అని. పోల్చే మాట అది. బిగ్గర్, టాలర్, బెటర్ లాంటిది. పోల్చే మాట తర్వాత దాన్ కాక ఇంకేం వస్తుంది? హార్డ్‌లీ, స్కేర్స్‌లీ పోల్చే మాటలు కావు. అందుకే వాటికి వెన్, లేదా బిఫోర్. రేడియోలో చెవికి తేడా తెలియదు కాబట్టి స్పెల్లింగ్ కూడా చెబుతున్నాను. ఈ దాన్ టీ, హెచ్, ఏ, ఎన్. టీ, హెచ్, ఈ, ఎన్ అయితే అది దెన్, అప్పుడు అని అర్థం. ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళు ఈ ఏ, ఈ అక్షరాలను మార్చి పెడుతుంటారు. కళ్ళు అక్కడ ఆగాలి. ఇంకొకటి, నో సూనర్‌తో వాక్యం మొదలైతే వెంటనే హ్యాడ్ గానీ డిడ్ గానీ రావాలి, ఆ తర్వాతే కర్త. "నో సూనర్ ఐ హ్యాడ్ రీచ్డ్" అనకూడదు.

రెండోది నాట్ ఓన్లీ, బట్ ఆల్సో. ఒక రచయిత గురించి చెబుతున్నాం అనుకోండి. "ఆయన కథలే కాదు, నవలలు కూడా రాశాడు." ఇందులో "ఏ కాదు" దేనికి అంటుకుంది? కథలకు. "కూడా" దేనికి దగ్గరగా ఉంది? నవలలకు. ఇంగ్లీషులో నాట్ ఓన్లీ సరిగ్గా కథల ముందే ఉండాలి, బట్ ఆల్సో సరిగ్గా నవలల ముందే ఉండాలి. "హి రోట్ నాట్ ఓన్లీ స్టోరీస్ బట్ ఆల్సో నావెల్స్." "హి నాట్ ఓన్లీ రోట్ స్టోరీస్ బట్ ఆల్సో నావెల్స్" అంటే, నాట్ ఓన్లీ వెళ్ళి రాయడం అన్న పనికి అంటుకుంది. త్రాసులో ఒక వైపు పని, ఇంకో వైపు వస్తువు పెట్టినట్టయింది. ఇలాంటి ప్రశ్న వస్తే వాక్యాన్ని మనసులో తెలుగులో చెప్పుకోండి. "ఏ కాదు" ఎక్కడ పడుతుందో చూసుకుని, నాట్ ఓన్లీని అక్కడికి చేర్చండి. ఐదర్, ఆర్ జంటకూ, బోత్, అండ్ జంటకూ ఇదే తూకం వర్తిస్తుంది.

మూడోది కాలం. "ఇఫ్ హి విల్ కమ్ టుమారో, ఐ విల్ టెల్ హిమ్." ఈ తప్పు ఎంతమంది చేస్తారో! ఇఫ్ తర్వాత విల్ రాకూడదని నియమం. వెన్, అన్‌టిల్, యాజ్ సూన్ యాజ్‌ల తర్వాత కూడా, రేపటి పని గురించి చెప్పేటప్పుడు విల్ రాదు. ఈ నియమం మనకు వింతగా తోస్తుంది గానీ, తెలుగు ఏం చేస్తోందో వినండి. "రేపు వాడు వస్తే చెబుతాను." వస్తే అన్నదాంట్లో భవిష్యత్తు ఉందా? లేదు. అసలు ఏ కాలమూ లేదు. "రేపు వాడు వచ్చినప్పుడు చెబుతాను." వచ్చిన అంటున్నాం! రేపటి పనికి జరిగిపోయిన రూపం వాడుతున్నాం. అంటే కలిపే మాట ఉన్న వాక్యంలో భవిష్యత్తును వాడకపోవడం మనకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. ఇంగ్లీషు కూడా అదే చేస్తోంది. రేపు అనగానే విల్ రావాలన్న బడి పాఠం ఒక్కటే మధ్యలో అడ్డొస్తోంది. మరో ఉదాహరణ. "అన్నీ తెలిసినట్టు మాట్లాడతాడు." తెలిసినట్టు. "హి టాక్స్ యాజ్ ఇఫ్ హి న్యూ ఎవ్రీథింగ్." నోస్ అని రాయాలనిపిస్తుంది, కానీ అక్కడ న్యూ. తెలుగు అప్పటికే "తెలిసిన" అని సరైన దారిలో ఉంది.

తెలుగు ఇంగ్లీషు ఎదురెదురుగా నిలబడే ఇంకో చోటు యాజ్ వెల్ యాజ్. "కలెక్టరుతో పాటు అధికారులు వచ్చారు" అంటాం. మన క్రియ చివర ఉన్న అధికారులను చూసి బహువచనం అయింది. ఇంగ్లీషులో "ది కలెక్టర్, యాజ్ వెల్ యాజ్ ది ఆఫీసర్స్" అన్నప్పుడు క్రియ మొదటి పేరును, అంటే కలెక్టర్‌ను చూస్తుంది. "ది కలెక్టర్, యాజ్ వెల్ యాజ్ ది ఆఫీసర్స్, హ్యాజ్ అరైవ్డ్." హ్యావ్ అంటే తప్పు. మధ్యలో వచ్చిన ఆఫీసర్స్‌ను చూసి మోసపోకూడదు. అదే ఐదర్ ఆర్, నీదర్ నార్ అయితే క్రియ తనకు దగ్గరగా ఉన్న పేరును చూస్తుంది. "నీదర్ ది టీచర్ నార్ ది స్టూడెంట్స్ వర్ ప్రెజెంట్." బోత్ అండ్ ఎప్పుడూ బహువచనం. బోత్‌కు జోడి అండ్ ఒక్కటే. బోత్ వేసి యాజ్ వెల్ యాజ్ పెట్టకూడదు. బిట్వీన్‌కు జోడి కూడా అండ్. "బిట్వీన్ 2010 టు 2015" అన్నది తప్పు. బిట్వీన్ 2010 అండ్ 2015 అనాలి. ఫ్రమ్ అంటే అప్పుడు టు.

నీదర్ నార్ దగ్గర ఒక మాట. తెలుగులో "వాడు చదవడు, రాయడు" అని రెండు క్రియలకూ "లేదు" తగిలిస్తాం. నీదర్ వచ్చాక ఇంగ్లీషు క్రియలకు మళ్ళీ నాట్ అక్కర్లేదు. "హి నీదర్ రీడ్స్ నార్ రైట్స్."

తెలుగు కలిపే పద్ధతి మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు చెబుతున్నాను. భద్రిరాజు కృష్ణమూర్తిగారు, జె.పి.ఎల్. గ్విన్‌గారు కలిసి ఆధునిక తెలుగుకు ఇంగ్లీషులో ఒక వ్యాకరణం రాశారు. 1985లో వచ్చింది. అన్నా చెల్లెలూ అన్నప్పుడు చివరి అచ్చును సాగదీసి అండ్ పని ఎలా చేయిస్తామో, నువ్వో నేనో అన్నప్పుడు ఓకారం ఆర్ పని ఎలా చేస్తుందో అలాంటి పుస్తకాల్లో చూడొచ్చు. మీ అందరి చేతిలో ఉండే రెన్ అండ్ మార్టిన్ 1930ల నాటి పుస్తకం. మంచి పుస్తకమే. కానీ తెలుగు పిల్లవాడు ఏ చోట కాలు జారతాడో అది చెప్పదు. ఆ పని మనం చేసుకోవాలి.

ఆ మధ్య ఒక అమ్మాయి నాకొక ప్రశ్న వేసింది. "హి ఆస్క్డ్ మి దట్ వేర్ ఐ వాజ్ గోయింగ్" అన్నదాంట్లో తప్పేమిటి సార్ అని. ఆ అమ్మాయికి తప్పు కనిపించలేదు. ఎందుకంటే తెలుగులో "ఎక్కడికి వెళ్తున్నావని అడిగాడు" అంటాం. ఆ "అని" ఉంది కాబట్టి ఇంగ్లీషులో దట్ ఉండాలనుకుంది. మన "అని" దేన్నైనా మోస్తుంది. చెప్పిన మాటనూ మోస్తుంది, అడిగిన ప్రశ్ననూ మోస్తుంది, అనుకున్న దాన్నీ మోస్తుంది. ఇంగ్లీషు దట్ ప్రశ్నను మోయదు. వేర్, వెన్, వై, హౌ ఉంటే అవే కలిపేస్తాయి. "హి ఆస్క్డ్ మి వేర్ ఐ వాజ్ గోయింగ్." అవునో కాదో అన్న ప్రశ్న అయితే వెదర్. "వస్తాడో రాడో తెలియదు." "ఐ డోంట్ నో వెదర్ హి విల్ కమ్." కారణం చెప్పేటప్పుడు ఇంకో చోటు ఉంది. "ది రీజన్ ఈజ్ బికాజ్" అని రాస్తారు. రీజన్ అంటేనే కారణం. బికాజ్ అంటే మళ్ళీ కారణం. అక్కడ దట్ రావాలి. "ది రీజన్ ఈజ్ దట్ హి వాజ్ ఇల్."

ఇవన్నీ పరీక్షలో ఎంత బరువు తూగుతాయి? స్టాఫ్ సెలక్షన్ కమిషన్ సీజీఎల్ పరీక్షే తీసుకుందాం. ఇప్పటి పద్ధతిలో మొదటి అంచెలో ఇంగ్లీషుకు 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకు అర మార్కు పోతుంది. రెండో అంచె మొదటి పేపరులో గణితానికి 90, రీజనింగ్‌కు 90 మార్కులుంటే, ఇంగ్లీషుకు 45 ప్రశ్నలు, 135 మార్కులు. లెక్కల కోసం రోజుకు నాలుగు గంటలు కూర్చుని, ఇంగ్లీషుకు అరగంట ఇచ్చేవాళ్ళు ఈ అంకెలను ఒకసారి గోడ మీద రాసుకోవాలి. ఎంటీఎస్ వంటి కొన్ని పరీక్షలను 2023 నుంచి తెలుగుతో సహా 13 ప్రాంతీయ భాషల్లో కూడా పెడుతున్నారు. చాలా మంచి పని. అయితే ఇంగ్లీషు విభాగం ఇంగ్లీషులోనే ఉంటుంది. బ్యాంకు పీవో ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషు విభాగం మొత్తానికి 20 నిమిషాలే. గ్రూప్-1 మెయిన్స్‌లో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఇంగ్లీషు అర్హత పేపరు. ఆ మార్కులు ర్యాంకులో కలవవు. కానీ అర్హత రాకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా లాభం లేదు. అక్కడ గుర్తుపట్టడం చాలదు, సొంతంగా వాక్యాలు రాయాలి. రెండు వాక్యాలను తప్పు లేకుండా కలపగలిగినవాడి వ్యాసం, ముక్కలు ముక్కలుగా రాసినవాడి వ్యాసం దిద్దేవారికి ఒకలా కనిపించవు.

కంజంక్షన్ ప్రశ్న అని పేరు పెట్టుకుని ప్రశ్న రాదు. తప్పు కనుక్కోండి అన్న చోట వస్తుంది. ఖాళీలు పూరించండి అన్న పేరాలో వస్తుంది. తారుమారైన వాక్యాలను వరసలో పెట్టండి అన్న చోట ఇంకా ఎక్కువ ఉపయోగపడుతుంది. బట్‌తో మొదలైన వాక్యం సాధారణంగా పేరాలో మొదటిది కాదు, దానికి ముందు ఒక మాట ఉండాలి. దేర్‌ఫోర్‌తో మొదలైనది కారణం చెప్పిన వాక్యం తర్వాతే వస్తుంది. ఈ రెండు గుర్తులతోనే కొన్నిసార్లు సగం వరస తేలిపోతుంది. హౌఎవర్, దేర్‌ఫోర్ నిజానికి కంజంక్షన్లు కావు, వాక్యాలను కలిపే శక్తి వాటికి లేదు. "ఇట్ వాజ్ రెయినింగ్, హౌఎవర్ హి కేమ్" అని కామాతో నడిపిస్తే తప్పు. అక్కడ ఫుల్‌స్టాప్ గానీ సెమికోలన్ గానీ ఉండాలి.

ఇంకో మాట కాస్త గట్టిగానే చెబుతాను. కోచింగ్ నోట్సుల్లో కొన్ని నియమాలు తిరుగుతుంటాయి. వాక్యాన్ని అండ్‌తో గానీ బట్‌తో గానీ మొదలుపెట్టకూడదు అంటారు. బికాజ్‌తో మొదలుపెట్టకూడదు అంటారు. వెదర్ వస్తే ఆర్ నాట్ రావలసిందే అంటారు. వీటిలో ఏదీ నిజం కాదు. మంచి ఇంగ్లీషు రాసేవాళ్ళందరూ బట్‌తో వాక్యాలు మొదలుపెడతారు. ఇలాంటి నియమాలు నమ్మి, తప్పు లేని చోట తప్పు వెతికి, నో ఎర్రర్ అన్న జవాబు వదిలేసి మార్కు పోగొట్టుకున్న పిల్లలను చూసి బాధపడ్డాను. ఒక నియమం విన్నప్పుడు దాని వెనక కారణం అడగండి. కారణం చెప్పలేని నియమాన్ని అనుమానించండి.

ఇంట్లో చేసుకోవలసిన పని చెబుతాను. రోజూ ఒక ఇంగ్లీషు పత్రిక సంపాదకీయం తీసుకోండి. అర్థం కోసం తర్వాత చదువుదురు గాని, ముందు పెన్సిల్‌తో కలిపే మాటలన్నిటి చుట్టూ సున్నాలు చుట్టండి. ఒక్కో సున్నా దగ్గర ఆగి, ఈ మాట ఏ రెండింటిని కలుపుతోంది అని అడగండి. తర్వాత ఆ వాక్యాన్ని పైకి తెలుగులో చెప్పండి. ముడి తలలోంచి తోకలోకి ఎలా జరిగిందో మీకే వినిపిస్తుంది. పది నిమిషాలు చాలు. ఒక నెల చేసి చూడండి. అప్పుడు ప్రశ్నపత్రంలో ఆల్దో కనిపించగానే మీ కన్ను తనంతట తానే ముందుకు పరుగెత్తి బట్ ఉందేమో వెతుకుతుంది. అన్‌లెస్ కనిపించగానే నాట్ కోసం వెతుకుతుంది. నో సూనర్ కనిపించగానే దాన్ కోసం వెతుకుతుంది. ఇరవై నిమిషాల్లో ఇంగ్లీషు విభాగమంతా చెయ్యాల్సినవాడికి నియమాలు గుర్తుచేసుకునే తీరిక ఉండదు. కన్ను ముందే నేర్చుకుని ఉండాలి.

సెలవు తీసుకునే ముందు ఒక వాక్యం ఇస్తున్నాను. రాసుకోండి. "అన్‌టిల్ ది రిజల్ట్స్ ఆర్ నాట్ అనౌన్స్‌డ్, డు నాట్ స్టాప్ స్టడీయింగ్." మళ్ళీ చెబుతున్నాను. "అన్‌టిల్ ది రిజల్ట్స్ ఆర్ నాట్ అనౌన్స్‌డ్, డు నాట్ స్టాప్ స్టడీయింగ్." ఇందులో ఒక మాట ఎక్కువ ఉంది. అది ఏదో ఇప్పుడు మీకు తెలుసు. దాన్ని కొట్టేసి, మిగిలిన వాక్యాన్ని ఒకసారి పైకి చదవండి.